నాకెన్ని మార్కులు?

సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. భోగి ముందురోజు రాత్రి. అరిసెల పని ముగించుకుని మా ఆవిడ నడుం వాల్చింది. నేనూ పడుకుందామని వీధి తలుపు గడియ పెడుతుంటే అమ్మాయి గదిలో లైటు కనిపించింది. తొంగిచూస్తే మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఏదో తెగ ఆలోచిస్తోంది.

"పండగ పూట కూడా పనేమిటే అమ్మలూ?" అన్నాను.

"మా మేనేజరుకి మార్కులు వేస్తున్నా నాన్నా. రేపే ఆఖరు తేదీ" అంది తలెత్తకుండానే.

నేను విన్నది తప్పేమో అనుకున్నాను. "ఆయన నీకు వేస్తున్నాడా?" అని సవరించాను.

"ఆయన నాకు వేస్తాడు, నేను ఆయనకి వేస్తాను. పక్క సీట్లవాళ్ళు మా ఇద్దరికీ వేస్తారు. త్రీ సిక్స్టీ డిగ్రీ ఫీడ్‌బ్యాక్ అంటారులే. మనం ఎలా పనిచేస్తున్నామో పైవాళ్ళు, కిందివాళ్ళు, పక్కవాళ్ళు, ఒక్కోసారి కస్టమర్లు కూడా చెబుతారు. ఎవరు ఏం రాశారో మాత్రం బయటపెట్టరు."

నేను లెక్కల మాస్టారిని. మూడువందల అరవై డిగ్రీలంటే నాకు తెలిసింది వృత్తం. ముప్ఫై నాలుగేళ్ళ నా సర్వీసులో నాకు మార్కులు వేసింది మాత్రం ఒక్క డిగ్రీ నుంచే. అదీ సరిగ్గా నడినెత్తి మీద నుంచి.

మా తరం ఉద్యోగులకు 'సి.ఆర్.' అన్న రెండక్షరాలు చాలు, గుండె దడదడలాడటానికి. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. ఏడాదికోసారి పై అధికారి రాస్తాడు. బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. మన గురించి రాసినదే అయినా మనం చూడకూడదు. మరీ చెడ్డగా రాస్తే ఒక మెమో వచ్చేది. రాకపోతే బాగానే రాశారన్నమాట, అనుకుని నిద్రపోయేవాళ్ళం. 2008లో దేవ్‌దత్ అనే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, మంచి రాసినా చెడు రాసినా ఆ సంగతి ఉద్యోగికి చెప్పి తీరాలని తీర్పు ఇచ్చింది. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల రిపోర్టులోంచి 'రహస్యం' అన్న మాటే తీసేసి, పనితీరు మదింపు నివేదిక అని పేరు మార్చింది. ఆ వార్త పేపర్లో చదివి స్టాఫ్ రూములో టీలు తాగాం. అంతకు మించి దాని గురించి నేనేమీ ఆలోచించలేదు.

"నీకు భయం వెయ్యదా, నీ కింద పనిచేసేవాళ్ళు నీ గురించి ఏం రాస్తారోనని?" అని అడిగాను.

"వేస్తుంది. పోయిన ఏడాది చదివి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను కూడా. నేను మీటింగుల్లో ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వనట. నీ పోలికే నాన్నా" అని నవ్వింది.

అవతల గదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. నిద్రపోయిందనుకున్నాను. "ఆ కాగితమేదో మీ నాన్నకి కూడా ఒకటి తెచ్చివ్వవే. నింపడానికి నేనున్నాను."

* * *

నేను పనిచేసింది రాజాం చుట్టుపక్కల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. లెక్కల మాస్టారిగా చేరి, చివరి ఆరేళ్ళు హెడ్మాస్టరుగా ఉన్నాను. చేరినప్పుడు మా ఊరు శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయనగరం జిల్లా అయింది. నేను కుర్చీలోంచి లేవకుండానే వేరే జిల్లాకి బదిలీ అయిపోయాను.

పండగ వెళ్ళాక కూడా అమ్మాయి మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. రిటైర్మెంటుకి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇన్నాళ్ళూ వేలమందికి మార్కులు వేశాను. పోయేలోగా నా మార్కులు నేను తెలుసుకుంటే ఏం పోయింది? పైగా మంచి మార్కులే వస్తాయన్న ధీమా ఒకటి. అబద్ధం చెప్పడమెందుకు, ఆ ధీమాతోనే మొదలుపెట్టాను.

ఫోన్లో అమ్మాయి మూడు ప్రశ్నలు చెప్పింది. నేను చేస్తున్న పనుల్లో ఏది మానకూడదు? ఏది మానెయ్యాలి? చెయ్యని పని ఏది మొదలుపెట్టాలి? రఫ్ పుస్తకంలో కాగితాలు చింపి, నాలుగేసి మడతలు పెట్టి పంచాను. టీచర్లకి, తొమ్మిది, పది తరగతుల పిల్లలకి, అటెండరుకి, మధ్యాహ్న భోజనం వండే అమ్మలకి, బడి కమిటీలో ఉన్న తల్లిదండ్రులకి. రాయడం రానివాళ్ళు ఎవరిచేతనైనా రాయించవచ్చన్నాను. సాయంత్రానికి నేనే స్వయంగా తిరిగి వసూలు చేసుకున్నాను.

ఇంటికొచ్చి విప్పి చూద్దును కదా, నేను దేవుణ్ణట. నాలాంటి గురువు దొరకడం పూర్వజన్మ సుకృతమట. ఏది మానాలి అన్న చోట ఒక పదో తరగతి పిల్ల 'ఆరోగ్యం చూసుకోకుండా పనిచేయడం మానాలి' అని రాసింది. తోటి టీచరొకాయన 'మీరు రిటైరవ్వడం మానాలి' అని రాశాడు. చదువుతుంటే ఎంత హాయిగా ఉందో! గొంతు సవరించుకుని అమ్మాయికి ఫోన్లో అన్నీ చదివి వినిపించాను.

అంతా విని అడిగింది. "ఆ కాగితాలు చూస్తే ఏది ఎవరు రాశారో చెప్పగలవా నాన్నా?"

"ఎందుకు చెప్పలేను? వీళ్ళ పేపర్లు దిద్దీ దిద్దీ ఒక్కొక్కరి చేతిరాత కంఠతా వచ్చు."

"మరి ఆ సంగతి వాళ్ళకి తెలియదా?"

నా దగ్గర జవాబు లేదు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా ఆవిడ కిసుక్కున నవ్వింది.

* * *

అమ్మాయి చెప్పిన కొన్ని సంగతులు, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి ఇక్కడ చెప్పాలి. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బొమ్మ గీశారట. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని జోహరి కిటికీ అంటారు. నాలుగు రెక్కల కిటికీ. నా గురించి నాకూ మీకూ తెలిసింది ఒక రెక్క. నాకు తెలిసి మీకు తెలియనిది రెండోది. ఇద్దరికీ తెలియనిది ఇంకొకటి. మీకందరికీ తెలిసి, నాకొక్కడికే తెలియనిది నాలుగోది. ఎవరైనా బయట నిలబడి చెబితే తప్ప ఆ నాలుగో రెక్క తెరుచుకోదు. చొక్కా వెనక అంటిన సున్నం తొడుక్కున్నవాడికి కనిపించనట్టే.

చెప్పించుకోవడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు, మనిషి పని గురించి మనిషికి చెబితే ఏమవుతుందని అంతకుముందు జరిగిన పరిశోధనల నుంచి ఆరువందల పైచిలుకు ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. మొత్తం మీద పని బాగుపడింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో, చెప్పాక పని ముందుకంటే పాడైంది! మాట పని మీద ఉన్నంతసేపూ మేలు చేస్తుందనీ, మనిషి మీదికి మళ్ళిందంటే చేటు చేస్తుందనీ వాళ్ళు తేల్చారు. 'ఈ లెక్కలో మూడో మెట్టు తప్పావు' అనడం వేరు, 'నీకు లెక్కలు రావు' అనడం వేరు. చదివినప్పుడు ఇది నాకు తెలియనిదేమిటి అనుకున్నాను.

ఢిల్లీలోనూ ఈ పద్ధతి ఉంది. 2015 ప్రాంతం నుంచి పెద్ద పదవులకు అధికారుల్ని ఎంపిక చేసేటప్పుడు పైవాళ్ళనీ, తోటివాళ్ళనీ, కిందివాళ్ళనీ అడగడం మొదలుపెట్టారు. 2017లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టింది. ఎవరిని అడిగారో, ఏమన్నారో తెలియకుండా మనిషి భవిష్యత్తు తేల్చేయడం న్యాయమేనా అని. ఆ మాటా కొట్టిపారేయలేం. కిందివాడికి చాటు కావాలి, నిజమే. ఆ చాటునే పైవాడు వాడుకుంటే మళ్ళీ పాత బీరువాయే.

మా జిల్లావాళ్ళకి ఇంకో పద్ధతి కూడా తెలుసు. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన మొదటి విడత జిల్లాల్లో విజయనగరం ఒకటి. ఆ పథకంతో సామాజిక తనిఖీలు వచ్చాయి. పలుగు పట్టి మట్టి తవ్విన మనిషి, సభలో నలుగురి ముందు నిలబడి, నాకు ఇన్ని రోజుల కూలి రాశారు, ఇంతే ఇచ్చారు అని అధికారుల ఎదుటే చెప్పడం. అలాంటి సభ ఒకటి నేనూ చూశాను. ఒక ముసలమ్మ లేచి మాట్లాడి కూర్చున్నాక చాలాసేపు ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి. నిజం చెప్పినవాళ్ళకి ఎంత ఖర్చవుతుందో అప్పుడు చూశాను. చూసి కూడా నా బడిలో కాగితాలు నేనే వసూలు చేసుకున్నాను.

* * *

రెండోసారి అమ్మాయి చెప్పినట్టే చేశాను. చాక్‌పీసులు వచ్చే చెక్కపెట్టెకి మూతలో చీలిక పెట్టించి, వరండాలో నీళ్ళ కుండ పక్కన ఉంచాం. వారం రోజులు. వచ్చిన కాగితాలన్నీ తెలుగు టీచరమ్మగారు ఒక్కరే చూసి, ఒక నోటుపుస్తకంలోకి తన చేత్తో ఎక్కించి, నాకు ఆ పుస్తకం ఒక్కటే ఇవ్వాలి. కాగితాలు నా కంటపడకూడదు. అసెంబ్లీలో ఈ సంగతి అందరి ముందూ చెప్పాను. అయినా కొందరు పిల్లలు ఎడమచేత్తో రాశారని తర్వాత టీచరమ్మగారు చెప్పారు.

మన దగ్గర పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్ళకి తెలుసు. మాను చివర కూర్చున్న పూజారి మీదికి జనం అరటిపళ్ళు విసురుతారు. భక్తితోనే విసురుతారు. తగిలేది మాత్రం తగులుతుంది. ఆ నోటుపుస్తకం తెరిచిన రాత్రి నా పని అలాగే అయింది.

టీచర్లు రాశారు: 'అభిప్రాయం అడుగుతారు. మేం నోరు తెరిచేలోగా వారే చెప్పేస్తారు.' మా అమ్మాయి పోలిక ఎక్కణ్నుంచి వచ్చిందో రుజువైంది.

అటెండరు రాయించిన మాట: 'పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. అందరి ముందూ ఒరేయ్ అంటారు. నా మనవడు ఇదే బడిలో సదూతున్నాడు.'

వంట చేసే అమ్మది: 'పిల్లలకంటే ముందు మాస్టారు రుచి సూస్తారు. ఉప్పు తక్కువైతే సెప్తారు, పులుపెక్కువైతే సెప్తారు. బాగున్ననాడు ఏటీ సెప్పరు.'

ఇవన్నీ చదివి కాస్త నొచ్చుకున్నాను కానీ, సర్దుకోగలిగాను. పిల్లల పేజీల దగ్గరికి వచ్చేసరికి అసలు సంగతి మొదలైంది. 'ఏది మానాలి' కింద టీచరమ్మగారు ఒక వాక్యం రాసి, దాని పక్కన నిలువు గీతలు గీశారు. ఎంతమంది రాస్తే అన్ని గీతలు. ఇరవై మూడు. వాక్యం ఇది: 'మార్కులు తక్కువ నుంచి చదవొద్దు.'

పరీక్ష పేపర్లు ఇచ్చే రోజు నాది ఒక పద్ధతి. అందరికంటే తక్కువ వచ్చినవాడి పేరు మొదట పిలుస్తాను. వాడు లేచి నిలబడాలి. మార్కులు పైకి చదువుతాను. ఒక చమత్కారం విసురుతాను. క్లాసంతా నవ్వుతుంది. తర్వాత వాడి పైవాడు. అలా మెట్లెక్కి ఫస్టు వచ్చినవాడి దగ్గర ఆగి చప్పట్లు కొట్టిస్తాను. పౌరుషం వస్తే చదువుతారని నా నమ్మకం. నా గురువు నాకు నేర్పిన పద్ధతే. నేను ఎప్పుడూ చివర నిలబడి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణే కాబట్టి, మొదట నిలబడేవాడికి ఎలా ఉంటుందో నాకు తెలిసే అవకాశం లేకపోయింది.

ఆ గీతల కింద విడిగా ఇంకో వాక్యం ఉంది. ఒక్కరే రాసింది. టీచరమ్మగారు యథాతథంగా ఎక్కించారు. 'మా అన్నయ్య అందుకే బడి మానీసినాడు.'

* * *

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరి అన్నయ్య? తొమ్మిదిలో, పదిలో ఉన్నవాళ్ళలో అన్నలున్నవాళ్ళు ఎంతమంది? మానేసినవాడు ఎవడు? ఒక్కొక్క ముఖమే తలుచుకుంటూ తెల్లవార్లూ దొర్లాను.

మర్నాడు సాయంత్రం బడి వదిలేశాక స్టాఫ్ రూములో ఒక్కణ్ణే మిగిలాను. ఆ కాగితాలన్నీ టీచరమ్మగారి బీరువాలో ఉన్నాయని నాకు తెలుసు. హెడ్మాస్టర్ని కదా, బడిలో ప్రతి బీరువాకీ రెండో తాళంచెవి నా దగ్గరుంటుంది. ఒక్కసారి ఆ చేతిరాత చూస్తే చాలు. ఆ పిల్లనో పిల్లాణ్ణో పిలిచి, మంచిగానే అడుగుతాను. వాళ్ళ అన్నయ్యని వెతికి పట్టుకుని తప్పు ఒప్పుకుంటాను. ఇదంతా మంచికోసమే కదా అని నాకు నేను చెప్పుకుంటూ తాళంచెవి పెట్టి తిప్పాను కూడా.

"ఏటి మాస్టారూ, ఎతుకుతున్నారు?"

గుమ్మంలో అటెండరు. గదులకి తాళాలు వేయడానికి వచ్చాడు. నేను ఏదో గొణిగి తాళంచెవి లాగేసుకున్నాను. కాపీ కొడుతూ దొరికిపోయిన పిల్లాడి ముఖం నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు నా ముఖం అలాగే ఉండుంటుంది.

అమ్మాయికి ఫోన్ చేస్తే ఒకటే మాట అంది. "నువ్వు ఎంత మంచిగా అడిగినా సరే నాన్నా, రాసింది ఎవరో కనిపెట్టావని తెలిస్తే చాలు. ఇంకెప్పుడూ ఎవరూ నీకు నిజం చెప్పరు."

మర్నాడు టీచరమ్మగారితో, ఆ కాగితాలు వంట పొయ్యిలో వేసేయమన్నాను. నా ఎదురుగానే వేశారు. ఆ రోజు అన్నం వాటితోనే ఉడికింది.

* * *

ఆదివారాలు నేను విజయనగరంలో గురజాడ వారి ఇంటివైపు నడుస్తుంటాను. ఆ ఇంటిని ఇప్పుడు స్మారక భవనంగా ఉంచారు. ఎన్నిసార్లు ఆ గుమ్మం ముందునుంచి వెళ్ళానో! ఆ ఆదివారం మాత్రం అక్కడ ఆగాను. కన్యాశుల్కం నాటకం ఈ ఊళ్ళో మొదటిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. మెప్పు వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో సంతోషించి ఊరుకునేవారు. ఆయన ఆ నాటకాన్ని మళ్ళీ ముందేసుకుని దాదాపు కొత్తగా, అంతకు ఎన్నోరెట్లు పెద్దగా తిరగరాసి 1909లో అచ్చువేశారు. ఈనాడు మనం చదివేదీ, నవ్వుకునేదీ ఆ రెండోదే. ఎందుకు తిరగరాశారో చెప్పడానికి పండితులున్నారు. నాకు తోచింది మాత్రం ఇది: చప్పట్లు విన్నాక కూడా తన పేపరు తానే మళ్ళీ దిద్దుకోగల మనిషి ఆయన.

ఆయన సావాసగాడు గిడుగు రామమూర్తి గారిది ఇంకో దారి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులయ్యారు. కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. పుస్తకం లేదు, లిపి లేదు. సవరల్నే అడిగి, పలికి, తప్పు పలికితే వాళ్ళచేత దిద్దించుకుని నేర్చుకోవాలి. బళ్ళో తాను వందమందిని దిద్దే పంతులు, అక్షరం రానివాళ్ళ ముందు శిష్యుడయ్యాడన్నమాట. వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆ కొండల్లో తిరిగి జ్వరాలపాలై, వాడిన మందు వికటించి ఆయనకి చెవుడు వచ్చింది. చెవులు సరిగ్గా పనిచేయని ఆ పెద్దమనిషి అంతమంది మాట విన్నాడు. రెండు చెవులూ నిక్షేపంలా ఉన్న నేను ముప్ఫై నాలుగేళ్ళలో నీళ్ళ కుండ పక్కన ఒక పెట్టె పెట్టడానికి ఇంత ఆలస్యం చేశాను.

* * *

పాత హాజరు పట్టీలు తీశాను. గత ఏడెనిమిదేళ్ళలో నా క్లాసులోంచి మధ్యలో మానేసిన మగపిల్లల పేర్లు కాగితం మీద రాసుకున్నాను. పద్నాలుగు. కొందరు చెన్నైలో తాపీపని, కొందరు హైదరాబాదులో, ఇద్దరు గుజరాత్‌లో వేటబోట్ల మీద. ఎవడికీ ఆ వాక్యం సంగతి చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. పండక్కో పెళ్ళికో ఊరికి వచ్చినప్పుడు కనబడితే కుశలం అడగడం, ఎందుకు మానేశావురా అని మాట కలపడం. అంతే.

ఆ వేసవిలో రాజాం బస్టాండు దగ్గర టీకొట్లో ఒకడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ముందు నేను గుర్తుపట్టలేదు. బుగ్గన టైల్సు సిమెంటు మరక, చేతిలో మంచి ఫోను. చెన్నై నుంచి అమ్మవారి పండక్కి వచ్చాడట.

"కూకోండి మాస్టారూ. టీ సెప్తానుండండి" అన్నాడు. నా లిస్టులో వాడి పేరు తొమ్మిదోది.

కాసేపు ఆ కబురూ ఈ కబురూ అయ్యాక అడిగాను. "బడి ఎందుకు మానేశావురా?"

"మా అయ్యకి ఒంట్లో బాగునేదు మాస్టారూ. ఎవులో ఒకులం పన్లోకెల్లాల. నానెలిపోనాను."

నా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. వీడు కాదు. అయినా ఉండబట్టలేక అడిగాను. "నేను పేపర్లిచ్చేటప్పుడు మార్కులు పైకి చదివేవాణ్ణి. గుర్తుందా?"

వాడు నవ్వాడు. "అయ్యన్నీ ఎప్పుడో మరిసిపోనాను మాస్టారూ. ఏలండి ఇప్పుడా మాట?" అని టీ గ్లాసు కడదాకా తాగి, కింద పెట్టి అన్నాడు. "ఏడు."

"ఏమిటి?"

"ఏడు మార్కులు మాస్టారూ. ఇరవయ్యైదుకి. అర్ధసంవత్సరం పరీచ్చకి ముందుది. 'ఏడిచినట్టే ఉంది, ఏడొచ్చాయి' అన్నారు మీరు. అందరూ నవ్వినారు." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "అయ్యకి బాగునేకపోతే మా అన్నదమ్ముల్లో ఎవులెల్లాలా అని ఇంట్లో మాటొచ్చింది. నానెల్తానన్నాను. ఎలాగూ నాకు సదువు రాదు గదాని."

బస్సు వచ్చింది. నా చేతిసంచి వాడే పైకి అందించాడు. డబ్బులు ఇవ్వబోతే టీకొట్టువాడు తీసుకోలేదు. గుంటడు ముందే ఇచ్చేశాడట.

ఆ వాక్యం రాసింది వీడి తమ్ముడో చెల్లెలో అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోలేదు. తెలిసి చేసేదేముంది? పద్నాలుగు మందిలో ఎవడైనా కావచ్చు. అందరూ కావచ్చు కూడా.

* * *

సర్వీసు చివరి ఏడాది పేపర్లు మడిచి ఎవరిది వాళ్ళ చేతికి ఇచ్చాను. మార్కులు లోపల పేజీలో. తప్పిన మెట్టు దగ్గర చిన్న గుండ్రం చుట్టి, 'ఇక్కడ గుర్తు మారింది' అనో, 'ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చావు' అనో రాశాను. మొదట్లో చెయ్యి మొరాయించింది. నోటిదాకా వచ్చిన చమత్కారాన్ని మింగడం ఎంత కష్టమో మింగినవాడికే తెలుస్తుంది. ఫలితాలు ఆకాశానికి ఎగిరిపోలేదు. ఒకటి మాత్రం కొత్తగా జరిగింది. ఎప్పుడూ నా గదివైపు చూడని వెనక బెంచీ పిల్లలు పేపరు పట్టుకుని వచ్చి, 'ఈ గుండ్రం ఎందుకు సుట్టినారు మాస్టారూ?' అని అడగడం మొదలుపెట్టారు.

అటెండరుని పేరు పెట్టి, చివర 'గారు' చేర్చి పిలిచాను. మొదటిసారి పిలిచినప్పుడు ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

మా ఆవిడ సంగతి చెప్పలేదు కదూ. ఇంటికి కూడా ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ముప్ఫై రెండేళ్ళది ఒక్క కాగితంలో ఎలా పడుతుందండీ?" అని తిరిగి ఇచ్చేసింది. బతిమాలితే ఒక్కటి చెప్పింది. "మీరు ఇంట్లో కూడా గంట కొడతారు. భోజనానికి, పడకకి, టీవీ కట్టెయ్యడానికి. ఆ గంట బడి దగ్గర పెట్టేసి రండి." మిగతావి వాయిదాల పద్ధతిలో చెబుతోంది. రోజుకొకటి.

రిటైరైన రోజు సభ పెట్టారు. శాలువాలు, దండలు, ఉపన్యాసాలు. మళ్ళీ నేను దేవుణ్ణయ్యాను. ఆ సభల్లో అంతే కదా, రివాజు. కానీ ఆ రోజు నా చెవికి అవి ఎక్కలేదు.

మధ్యాహ్నం అందరితోపాటు వరండాలో కూర్చుని భోంచేశాను. వంట చేసే అమ్మ గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సాంబారు ఎలాగుంది బాబూ?"

"చాలా బాగుందమ్మా."

కదలకుండా అక్కడే నిలబడింది. "ఉప్పు?"

ఒక్క క్షణం తటపటాయించాను. "కొంచెం తగ్గింది."

ఆవిడ ముఖం విప్పారింది. ఇంకో గరిటె సాంబారు నా అన్నంలో పోస్తూ అంది. "అయితే బాగుందన్నమాట నిజమేనన్నమాట."